పౌడర్ కోటింగ్ కుర్చీలకు మళ్లీ రంగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

బాల్కనీలో కుర్చీలు, మిద్దె మీద ఊయలలు ఎండకు వెలిసిపోవడం మన సీమలో ఏటా ఉండేదే. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి గురించే వచ్చాయి. అన్నీ పౌడర్ కోటింగ్ ఉన్న వస్తువులే కాబట్టి ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది. మిగతా వాటికి అదే ఆధారం, దాటేయకుండా చదవండి.

ప్రశ్న: బాల్కనీలో ఆరేళ్ల కిందట కొన్న పౌడర్ కోటింగ్ ఇనుప కుర్చీలు నాలుగు, చిన్న టేబులు ఒకటి ఉన్నాయి. రంగు వెలిసి, కూర్చుని లేస్తే చీరకు తెల్లపొడి అంటుకుంటా ఉంది. పోయిన దసరాకు మంచి ఎనామెల్ రెండు కోట్లు వేయించినాము. నాలుగు నెలలకే ఉల్లిపొర మాదిరి లేచి వచ్చింది. రంగు నాసిరకమా, పెయింటరు మోసం చేసినాడా? ఇప్పుడేం చేయాల? (కర్నూలు)

జవాబు: రంగు నాసిరకం అయ్యుండదు, పెయింటరుది మోసమూ కాకపోవచ్చు. లేచిన పొర ముక్క ఒకటి తీసి వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. వెనక వైపు గాజులా నున్నగా మెరుస్తుంటే, కింద పౌడర్ కోటింగును ఎవరూ గీరలేదని అర్థం. రంగు ఆ నునుపు మీద అచ్చు పోసినట్టు ఆరింది, పట్టుకోవడానికి దానికేమీ దొరకలేదు. అలా కాకుండా వెనక వైపు తెల్లటి పొడి అంటి ఉంటే, రంగు పట్టుకున్నది కుర్చీని కాదు, కుర్చీ మీది పొడిని. పొడి ఊడినప్పుడు దాంతోపాటే రంగూ ఊడింది. మీ ఉత్తరం చూస్తే రెండూ జరిగినట్టున్నాయి.

పౌడర్ కోటింగ్ అంటే డబ్బాలో కలిపి కుంచెతో వేసే రంగు కాదు. రెసిన్ (పొరను పట్టి ఉంచే జిగురులాంటి పదార్థం), రంగు కలిపిన మెత్తని పొడికి విద్యుత్ ఆవేశమిచ్చి గన్‌తో చల్లుతారు. ఆ ఆవేశం వల్లే పొడి ఇనుముకు అతుక్కుని నిలుస్తుంది. తర్వాత ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల వేడిలో 10 నుంచి 20 నిమిషాలు ఉంచితే పొడి కరిగి, పరుచుకుని, లోపల వలలా అల్లుకుని గట్టిపడుతుంది. ఒకసారి అలా అల్లుకున్నాక మళ్లీ వేడి చేసినా కరగదు, టర్పెంటైనుకు లొంగదు. మందం సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎనామెల్ ఒక కోటు ఆరితే 25, 30 మైక్రాన్లకు మించదు.

పాత ఎనామెల్ మీద కొత్త ఎనామెల్ వేస్తే, కొత్త రంగులోని ద్రావకం పాత పొరను కాస్త మెత్తబరిచి కరుచుకుంటుంది. పౌడర్ కోటింగు అలా మెత్తబడదు. దాని మీద రంగు నిలవాలంటే మనం కావాలని చేసే సన్నటి గీతలే ఆధారం. ఖరీదైన డబ్బా కొని ఎమెరీ పేపరు (గరుకు కాగితం) కొట్టే కూలి మిగుల్చుకుంటే మీకు జరిగిందే జరుగుతుంది. మీ దగ్గర వెయ్యి రూపాయలే ఉంటే మామూలు రంగు కొని, మిగిలింది కడగడానికీ గీరడానికీ పెట్టండి.

తెల్లపొడి ఎందుకొస్తుందంటే, ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని రెసిన్‌ను విరగ్గొడతాయి. దాంతో రంగు పొడి విడివడి పైకి తేలుతుంది. ఎపాక్సీ అనే రకం రెసిన్ కలిసిన పౌడరుకు ఇది త్వరగా వస్తుంది, అది ఇంట్లో వాడే వస్తువులకు తగింది. ఆరుబయటికి పాలిస్టర్ పౌడరు కావాలి. అమ్మేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పరు, కొనేటప్పుడు మీరే అడగాలి.

ఇక పని. ముందుగా పోయినసారి వేసిన ఎనామెల్ మొత్తం పోవాలి. లేచినచోట లేపి, గట్టిగా ఉన్నచోట వదిలేస్తే, వదిలిన ముక్క అంచు కొత్త రంగు కిందనుంచి కనబడుతుంది, మళ్లీ అక్కడినుంచే లేస్తుంది. గీకుడు బిళ్లతో లేచినంత లేపండి. మిగిలినదాన్ని ఎన్.సి. థిన్నరులో (రంగుల షాపులో దొరికే ఘాటైన ద్రావకం) ముంచిన పాతగుడ్డతో కొద్ది కొద్దిగా తుడిస్తే ఎనామెల్ మెత్తబడి ఊడుతుంది. గాలి ఆడే చోట, చేతికి తొడుగు వేసుకుని, పొయ్యికి దూరంగా చేయండి. ఇదే మంచి పరీక్ష కూడా. థిన్నరు గుడ్డతో ఒకేచోట పాతిక ముప్పై సార్లు రుద్దినప్పుడు సరిగా కాలిన పౌడర్ కోటింగు మెరుపు తగ్గి గుడ్డకు కొంచెం రంగు అంటవచ్చు, అంతకు మించి కదలదు. అది కూడా జిగురుగా మారి ఊడి వస్తుంటే ఓవెన్‌లో సరిగా కాలలేదన్నమాట. అలాంటి పొర మీద ఏం వేసినా నిలవదు, ఇనుము దాకా తీసేయాల్సిందే.

తర్వాత కడుగుడు. బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల బట్టల సబ్బుపొడి వేసి, గరుకు స్పాంజితో పైపుల వంపులు, సీటు అడుగు, వెల్డింగ్ మూలలు అన్నీ రుద్ది కడగండి. పేపరు కొట్టకముందే కడగాలి. జిడ్డు ఉండగా పేపరు కొడితే ఆ జిడ్డునే గీతల్లోకి కూరినట్టవుతుంది. కడిగాక కుర్చీ మీద మంచినీళ్లు ధారగా పోసి చూడండి. నీళ్లు పలుచని తెరలా నిలిస్తే శుభ్రమైనట్టు. తామరాకు మీద బొట్లలా విడిపోతే నూనో మైనమో ఇంకా ఉంది, మళ్లీ కడగాలి. కారు డ్యాష్‌బోర్డుకు రుద్దే సిలికాన్ పాలిష్ ఎప్పుడైనా కుర్చీలకు రుద్ది ఉంటే, సబ్బుతో కడిగాక థిన్నరు గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఇంకోసారి తుడవండి. లేదంటే రంగు చేపకళ్లలా గుంటలు గుంటలుగా విడిపోతుంది.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటుంది. చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి, ఆరితే తెల్లచారలు మిగులుతాయి. ఆ ఉప్పు రంగు కింద చిక్కితే తర్వాత వానకూ చెమ్మకూ పొర గుండా తేమను లోపలికి లాగుతుంది, సన్నపొక్కులు లేస్తాయి. కడుగుడు బోరు నీళ్లతో చేసినా చివరి జాలింపు తాగే నీళ్లతో చేయండి. కుర్చీకి రెండు చెంబులు చాలు. నీళ్లు వాటంతట ఆరేదాకా ఆగకుండా గుడ్డతో తుడిచేయండి.

పూర్తిగా ఆరాక ఎమెరీ పేపరు. పొడి ఎక్కువగా ఉన్నచోట 180 నంబరుతో మొదలుపెట్టి, ఆ పైన అంతటా 320తో ముగించండి. నేరుగా 80, 100 నంబర్లతో కొడితే గీతలు లోతుగా పడి ఎనామెల్ కింద కనబడతాయి. కోటింగును ఊడగొట్టనక్కరలేదు, మెరుపు చంపితే చాలు. పని అయిందో లేదో తెలుసుకోవడానికి కుర్చీని కిటికీ ముందు ఏటవాలుగా పట్టుకుని చూడండి. మెరిసే చుక్క ఎక్కడ కనబడితే అక్కడ పేపరు తగలలేదు. పైపు వంపు లోపలి వైపు, వెల్డింగ్ పక్కన, చేతులుంచే పట్టీ అడుగున ఇవి తప్పకుండా మిగులుతాయి. రంగు మొదట లేచేది కూడా అక్కడే. ఈ మూలలకు పేపరు మడత కంటే గరుకు నైలాన్ ప్యాడ్ బాగా అందుతుంది. నాలుగు కుర్చీలకు, టేబులుకు 180 నంబరు నాలుగు షీట్లు, 320 ఆరు షీట్లు తెచ్చుకోండి. పేపరు అరిగిందని తెలిసిన వెంటనే మార్చండి. అరిగిన పేపరు గీరదు, ఇంకా నునుపు చేస్తుంది. చివరగా దుమ్మంతా దులిపి, టర్పెంటైను తడి గుడ్డతో తుడిచి, అరగంట ఆరనివ్వండి.

ప్రైమరు విషయంలో పెయింటర్లకు రెడ్ ఆక్సైడ్ అలవాటు. అది ఉత్త ఇనుముకు పనికొస్తుంది. పౌడర్ కోటింగ్ మీద దాని పట్టు అంతంతమాత్రమే. రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ ప్రైమరు వేయండి. బేసు, హార్డెనరు డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపాలి. త్వరగా ఆరుతుందని హార్డెనరు ఎక్కువ పోస్తే పొర పెళుసవుతుంది. కలిపాక పావుగంట, ఇరవై నిమిషాలు వదిలి అప్పుడు మొదలుపెట్టండి. కలిపినదంతా ఆ పూటే వాడాలి, మన వేడికి నాలుగైదు గంటల్లో గట్టిపడుతుంది. అందుకని రెండు కుర్చీలకు సరిపడా మాత్రమే కలుపుకోండి. మరుసటి రోజు 320 పేపరుతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి పైరంగుకు వెళ్లండి. ఖర్చు తగ్గించుకోవాలంటే మధ్యదారి ఉంది: ఇనుము కనబడినచోట మాత్రం రెడ్ ఆక్సైడ్, గట్టిగా ఉన్న పౌడర్ కోటింగును బాగా గీరి నేరుగా ఎనామెల్. ఎండ తగలని వరండాలో ఇది చాలు. ఆరుబయట వద్దు.

పైరంగు ఎండలో నిలవాలంటే రెండు డబ్బాల పీయూ (పాలియురేథేన్) పెయింటు మేలు. సింథటిక్ ఎనామెల్ చవక, కుంచెతో వేయడం తేలిక, కానీ కర్నూలు ఎండలో దాని మెరుపు త్వరగా తగ్గుతుంది. పీయూ హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. పీల్చితే ఊపిరితిత్తులకు హాని, ఆస్తమా ఉన్నవాళ్లు దగ్గరికే రాకూడదు. దాన్ని ఇంటి దగ్గర స్ప్రే చేయవద్దు, దుమ్ముకు కట్టుకునే మాస్కు ఆ ఆవిరిని ఆపదు. కుంచెతోనే, ఆరుబయట నీడలో, తొడుగులు వేసుకుని వేయండి. హార్డెనరు డబ్బా మూత తీసి ఉంచితే గాలిలో తేమ తగిలి పాడవుతుంది.

ఎంత కొనాలో లెక్క: అంగుళం పైపు మీటరు పొడవుకు పైభాగం సుమారు 0.08 చదరపు మీటరు. కుర్చీకి ఆరు మీటర్ల పైపు, 45 సెంటీమీటర్ల చదరపు రేకు సీటు రెండు వైపులా కలిపితే ముప్పాతిక దాటి ఒక చదరపు మీటరు దాకా వస్తుంది. నాలుగు కుర్చీలు, టేబులు ఫ్రేము కలిపి ఐదు అనుకోండి. డబ్బా మీద లీటరుకు పది, పన్నెండు చదరపు మీటర్లని రాసి ఉంటుంది. అది గోడలాంటి చదును మీద లెక్క. పైపుల మీద ఎనిమిదే పట్టుకోండి. ప్రైమరు ఒక కోటుకు ముప్పాతిక లీటరు లోపు, పైరంగు రెండు కోట్లకు లీటరుంపావు. లీటరు డబ్బా, అర లీటరు డబ్బా ఒకే బ్యాచివి తెచ్చి, రెండూ ఒక బకెట్లో కలిపేసి మొదలుపెడితే కుర్చీకీ కుర్చీకీ రంగు తేడా రాదు. ఎనామెల్ అయితే లీటరుకు 50 నుంచి 100 మిల్లీలీటర్ల టర్పెంటైను కలపండి, అంతకంటే ఎక్కువ వద్దు.

కుర్చీని తలకిందులు చేసి కాళ్లు, అడుగు ముందు వేసి, తర్వాత నిలబెట్టి పైభాగం వేయండి. కుంచెకు కొద్దిగానే రంగు తీసుకోవాలి. పైపుకు పైన నిండుగా వేస్తే అడుగు వైపుకు జారి బొట్లు కడుతుంది. పది నిమిషాలయ్యాక అడుగు వైపు వేలితో కాదు, ఆరిన కుంచె మొనతో ఒకసారి లాగితే ఆ బొట్లు పోతాయి.

మొత్తం మొదలుపెట్టే ముందు సీటు అడుగున అరచేయంత చోట ఈ పద్ధతి అంతా చేసి వారం ఆగండి. తర్వాత కొత్త బ్లేడుతో రెండు మిల్లీమీటర్ల ఎడంతో ఆరు నిలువు గీతలు, ఆరు అడ్డగీతలు ఇనుము దాకా గీయండి, 25 గళ్లు వస్తాయి. వెడల్పు సెలోటేపు నొక్కి అంటించి ఒక్క గుంజు గుంజండి. గళ్లు ఒకటీ అరా చిట్లితే ఫరవాలేదు. గళ్లు గళ్లుగా టేపుకు వస్తే గీరడమో కడగడమో సరిపోలేదు. నాలుగు కుర్చీలు పాడయ్యాక తెలుసుకోవడం కంటే వారం ఆగి తెలుసుకోవడం మంచిది.

ప్రశ్న: మా కుర్చీల పైభాగం బాగుంది. కాళ్ల అడుగున, వెల్డింగ్ అతుకుల దగ్గర మాత్రం పొక్కులు లేచి తుప్పునీళ్లు కారుతున్నాయి, బండల మీద మరకలు పడుతున్నాయి. తుప్పును మార్చే మందు పూసి దాని మీద రంగు వేస్తే చాలని వర్క్‌షాపాయన చెప్పినాడు. ఇంట్లో అంతా తాడిపత్రి బండలే, ఏడాదికొకసారి యాసిడ్ పోసి కడిగిస్తాము. (తాడిపత్రి)

జవాబు: తుప్పుకు మీ ఉత్తరంలోనే కారణం ఉంది. బండలు కడిగే యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. కుర్చీలు పక్కగదిలో ఉన్నా దాని ఆవిరి ఇనుముకు తగులుతుంది, కాళ్లు ఆ నీళ్లలో నిలిస్తే ఇక చెప్పక్కర్లేదు. తాడిపత్రి బండ సున్నపురాయి, యాసిడ్ పోస్తే బుసబుస పొంగేది ఆ రాయి కరుగుతూనే. బండ మెరుపూ పోతుంది, కుర్చీ కాళ్లూ పోతాయి. సబ్బునీళ్లతో కడిగించండి.

పౌడర్ కోటింగులో తుప్పు నడిచే తీరు వేరు. అతుకు దగ్గరో అంచునో సన్నని చీలిక పడుతుంది, చెమ్మ అక్కడ దూరుతుంది. పైపొర మందంగా, గట్టిగా ఉండటం వల్ల తుప్పు బయటికి రాకుండా కిందనే పక్కలకు పాకుతుంది. పైకి కందిగింజంత పొక్కు కనబడితే లోపల రూపాయి బిళ్లంత ఉండొచ్చు. చాకు మొనతో పొక్కు చీల్చి, లేచే పొరను లేస్తున్నంతసేపూ లేపండి. మొన దూరనంత గట్టిగా పొర ఇనుమును పట్టుకున్న చోట ఆగండి, అదే అసలు అంచు. బయటపడిన తుప్పును ఇనుప తీగల బ్రష్‌తో, తర్వాత 80, ఆ పైన 180 పేపరుతో మెరుపు కనబడేదాకా రుద్దండి. ఇక్కడ నీళ్లతో పేపరు కొట్టవద్దు, గంటలోపే మళ్లీ పసుపుపచ్చ తుప్పు పూస్తుంది. చుట్టూ ఉన్న పాత పొర అంచును ఏటవాలుగా అరగదీయండి. కళ్లు మూసుకుని గోరు నడిపితే మెట్టు తగలకూడదు.

తుప్పును మార్చే మందు చెడ్డదేం కాదు. గుంటల్లో పేపరు అందక మిగిలిన పలుచని తుప్పును అది నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. పెచ్చులు పెచ్చులుగా ఉన్న తుప్పు మీద పూస్తే పై పెచ్చు మారుతుంది, కింద అలాగే ఉంటుంది. పౌడర్ కోటింగ్ మీద పూస్తే ఏ పనీ చేయదు. మందు పూశాక నీళ్లతో తుడవాలా వద్దా అన్నది డబ్బా మీద రాసినట్టే చేయాలి. మందులోని ఆమ్లం మిగిలిపోతే దాని మీద ఎపాక్సీ ప్రైమరు సరిగా గట్టిపడదు. గుంటలు పూడ్చడానికి కార్లకు వాడే రెండు పాళ్ల లప్పం వాడండి. గోడ లప్పం ఇనుము మీద ఎప్పుడూ వద్దు, అది నీళ్లు పీల్చి తుప్పును పెంచుతుంది.

అయితే అన్నిటికంటే ముందు కాలి అడుగున ఉన్న ప్లాస్టిక్ బుష్ పీకి చూడండి. లోపల ఎర్రటి పొడి రాలితే తుప్పు లోపలినుంచే వస్తోంది. స్క్రూడ్రైవరు పిడితో కాలును కిందనుంచి పైకి తడుతూ వెళ్లండి. గట్టి పైపు ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్న పైపు మొద్దుగా పలుకుతుంది, గట్టిగా కొడితే సొట్ట పడుతుంది. అలాంటి కాలుకు రంగు వేయడం దండగ, మనిషి కూర్చున్నప్పుడు విరిగితే ప్రమాదం కూడా. వెల్డింగ్ షాపులో పాడైన ముక్క కోయించి కొత్త పైపు అతికించండి. అతికేచోట రెండు మూడు అంగుళాల మేర కోటింగును ముందే గ్రైండరుతో తీయించాలి, లేకపోతే అది కాలి విషపు పొగ వస్తుంది, అతుకూ సరిగా పడదు. పైపుకు అన్నిటికన్నా కిందుగా ఉండే చోట నాలుగైదు మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి వేయించండి. లోపలికి పోయిన నీళ్లు బయటికి వచ్చే దారి ఉంటే ఇంకోసారి ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండదు.

ప్రశ్న: మిద్దె మీద ఊయల, దాని పక్కన కడప బండ పరిచిన ఇనుప టేబులు ఉన్నాయి. చేత్తో వేసే రంగు వద్దు, షోరూములో ఉన్నట్టు మళ్లీ పౌడర్ కోటింగే చేయించాలనుకుంటున్నాము. పాత కోటింగు మీదే వేస్తారా? ఇంట్లోనే బ్లో ల్యాంపుతో కాల్చి తీసి ఇవ్వొచ్చా? (కడప)

జవాబు: కాల్చవద్దు. పాత కోటింగు కాలితే వచ్చే పొగ పీల్చదగింది కాదు, పలుచని రేకు వేడికి వంకరపోతుంది. పాత పొర మీదే వేయడం కొన్నిచోట్ల చేస్తారు. పాత పొర గట్టిగా ఉండి, తుప్పు ఎక్కడా లేకపోతేనే అది నిలుస్తుంది. ఆరుబయట తుప్పు తిన్న ఊయలకు మాత్రం ఇసుక బ్లాస్టింగుతో (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి) ఇనుము దాకా తీయించడమే సరైనది. మందుపూతతో పొర ఉబ్బించి తీసే రిమూవర్లూ ఉన్నాయి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవరు ఆవిరి మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. ఇంట్లో ఆ పని పెట్టుకోకండి.

షాపుకు ఇచ్చేముందు చేయాల్సినవి: కడప బండ తీసేయాలి, రబ్బరు బుష్‌లు, ప్లాస్టిక్ మూతలు, ఊయల బేరింగులు, గొలుసు కొక్కేలు విప్పాలి. వీటిలో రబ్బరు, ప్లాస్టిక్ 200 డిగ్రీల వేడికి ఆగవు. పాత మరమ్మతులో లప్పం పెట్టి ఉంటే అదీ తీయించాలి, ఓవెన్‌లో పొంగి పైపొరను చీలుస్తుంది. రెండు చివరలా మూసేసిన పైపు ఉంటే లోపలి గాలి వ్యాకోచించి అతుకుల్లో బుడగలు తెస్తుంది, చిన్న బెజ్జం వేయించండి. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపయితే ఆ సంగతి ముందే చెప్పండి. జింకు పూతలోంచి వచ్చే గాలికి పొర మీద సూదిమొన బెజ్జాలు పడతాయి, దానికి ముందు ఒకసారి వట్టిగా వేడిచేస్తారు.

షాపులో మీరు అడగాల్సినవి మూడే. బ్లాస్టింగు అయ్యాక ఫాస్ఫేట్ (తుప్పును ఆపి, కోటింగు పట్టేలా చేసే మందు) ట్యాంకులో ముంచుతారా? పౌడరు పాలిస్టరేనా? ఊయల మొత్తం ఓవెన్‌లో పడుతుందా, లేక కోసి మళ్లీ అతికిస్తారా? కోసి అతికేటట్టయితే కోటింగు అయ్యాక వెల్డింగ్ చేయనివ్వకండి, బోల్టులతో బిగించే ఏర్పాటు ముందే చేయించండి. బ్లాస్టింగు అయిన ఇనుము ఒట్టి దేహంలా ఉంటుంది. రాత్రంతా బయట ఉంచితే తెల్లారేసరికి తుప్పు పూస్తుంది, అదే రోజు కోటింగుకు వెళ్లాలి. బండను మళ్లీ పరిచేటప్పుడు ఇనుముకూ రాతికీ మధ్య రబ్బరు బిళ్లలు పెట్టండి. బరువైన బండ అంచు కొత్త పొరను నలిపితే తుప్పు అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: కుర్చీకి బ్రష్‌తో ఎనామెల్ వేసి, మూడు రోజులకు డబ్బా స్ప్రేతో రెండో రంగు గీతలు కొట్టినాను. కొట్టిన చోటల్లా ముసలాయన చర్మంలా ముడతలు పడింది. (ఆదోని)

జవాబు: స్ప్రే డబ్బాలోని ఘాటు ద్రావకం ఇంకా లోపల గట్టిపడని ఎనామెల్‌లోకి దిగి దాన్ని ఉబ్బించింది. ఎనామెల్ పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఘాటైన దాని మీద మెత్తనిది వేయొచ్చు, మెత్తనిదాని మీద ఘాటైనది వేయకూడదు. అంటే స్ప్రే మీద ఎనామెల్ సరే, ఎనామెల్ మీద స్ప్రే కాదు. ముడతలు ఆరాక పేపరుతో చదును కావు, సాగి చుట్టుకుపోతాయి. గీకి తీసి ఆ గీతలను కూడా ఎనామెల్‌తోనే వేసుకోండి. పూర్తిగా స్ప్రేతోనే చేయాలనుకుంటే పౌడర్ కోటింగును గీరి, ప్రైమరు స్ప్రే, దాని మీద అదే కంపెనీ రంగు స్ప్రే కొట్టండి. ఒక జానెడు పైన, 25, 30 సెంటీమీటర్ల దూరం నుంచి, పది నిమిషాల ఎడంతో మూడు పలుచని కోట్లు.

ప్రశ్న: మా కుర్చీలు చాలా తేలిక. తుప్పు లేదు గానీ పెచ్చు లేచిన చోట తెల్లగా పూసింది. పసుపు ప్రైమరు వేయాలని షాపులో చెప్పినారు. (గుంతకల్లు)

జవాబు: అయస్కాంతం పెట్టి చూడండి, అంటకపోతే అల్యూమినియం. తెల్లపూత దాని తుప్పే. ఇనుప తీగల బ్రష్ వాడకండి, ఇనుప రవ్వలు మెత్తని అల్యూమినియంలో దిగబడి తర్వాత ఎర్రచుక్కలవుతాయి. నైలాన్ ప్యాడ్, 240 పేపరు చాలు. అల్యూమినియం కూడా గాలికి వెంటనే పైన పొర కట్టుకుంటుంది, అందుకే రుద్దిన పూటే ప్రైమరు పడాలి. షాపువాళ్లు చెప్పిన పసుపు రంగుది జింక్ క్రోమేట్. పని చేస్తుంది, కానీ అందులోని క్రోమియం క్యాన్సరు కారకం, దాన్ని తర్వాత పేపరు కొట్టినప్పుడు ఆ దుమ్ము పీలుస్తాం. ఇంటి కుర్చీలకు ఎపాక్సీ ప్రైమరుతోనే పని జరుగుతున్నప్పుడు అది అక్కరలేదు.

ప్రశ్న: పాప పుట్టబోతోంది. అన్నగారింటి నుంచి తెచ్చిన పాత ఇనుప ఊయల మంచానికి రంగు వేసి వాడొచ్చా? (ప్రొద్దుటూరు)

జవాబు: వాడొచ్చు, కానీ పిల్లలు అంచులు కొరుకుతారు కాబట్టి సీసం సంగతి చూడాలి. ఇళ్లలో వాడే, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు తెచ్చారు, 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. పరిశ్రమల కోసం తయారయ్యే రంగులు ఆ నిబంధన కిందికి రావు. కాబట్టి వర్క్‌షాపులో మిగిలిన డబ్బా, లేబులు లేని విడి రంగు, సింధూరం (రెడ్ లెడ్) ప్రైమరు, జింక్ క్రోమేట్ ఈ మంచానికి తగలకూడదు. సీసం పరిమితి డబ్బా మీద అచ్చయి ఉన్న ఇంటి ఎనామెలే కొనండి. మంచం మీద 2017కు ముందు కుంచెతో వేసిన రంగేదైనా ఉంటే పొడిగా పేపరు కొట్టవద్దు, గర్భిణి ఉన్న ఇంట్లో అసలే వద్దు. వేరేచోట, పేపరును తడుపుతూ కొట్టించి, ఆ ముద్దను గుడ్డతో తీసి పారేయించాలి. పని కాన్పుకు కనీసం నెల ముందే ముగించి, మంచాన్ని గాలికి ఉంచండి. వాసన పూర్తిగా పోయాకే బిడ్డను పడుకోబెట్టాలి.

ప్రశ్న: మే నెలలో సెలవులున్నాయని అప్పుడు రంగు వేసినాము. ఎండలో పెడితే గంటలో ఆరింది, కానీ బుడగలు వచ్చినాయి, పైన ఇసుక అంటింది. ఎప్పుడు వేయాల? ఎన్నాళ్లకు కూర్చోవచ్చు? (అనంతపురం)

జవాబు: ఎండలో ఇనుము చేయి పెట్టలేనంత కాలుతుంది. రంగు పైపొర ముందు ఆరి తోలు కట్టుకుంటే లోపల మిగిలిన ద్రావకం బయటికి వచ్చే దారిలేక బుడగలవుతుంది. వస్తువునూ డబ్బానూ ముందురోజు రాత్రే నీడలో పెట్టి, పొద్దున్న ఏడు నుంచి పదిలోపు పని ముగించండి. ఆషాఢంలో మీ జిల్లా గాలికి దుమ్ము తప్పదు, అప్పుడు ఆరుబయట రంగు పెట్టుకోవద్దు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. నేల మీద నీళ్లు చల్లి పని మొదలుపెడితే దుమ్ము అణుగుతుంది. ఇప్పుడున్న బుడగలను, ఇసుకను రెండు వారాలు ఆరనిచ్చి 320 పేపరుతో చదును చేసి ఇంకొక కోటు వేస్తే సరిపోతుంది.

ఎనామెల్ నాలుగైదు గంటలకు వేలికి అంటకుండా పోతుంది, రెండో కోటుకు రాత్రంతా ఆగాలి, కూర్చోవడానికి వారం. పీయూ అయితే రెండు మూడు రోజులకు కూర్చోవచ్చు. ఆ వారంలో కాళ్ల కింద న్యూస్ పేపరు వేయకండి, అచ్చు అక్షరాలతో సహా అంటుకుంటుంది. కాళ్ల అడుగుభాగం నేలకు తగలకుండా కుర్చీని రెండు ఇటుకల మీద, పైపు అడ్డపట్టీ ఆనేలా నిలపండి. నెల దాకా కుర్చీలో కుర్చీ పేర్చవద్దు.